పొద్దెక్కక ముందే రండి

కల్లు దించేసి, నీళ్ళతో తొలిచి, తాటిచెట్టు మొదట్లో బోర్లించిన మట్టిలొట్టి దగ్గర ఒక వాసన వస్తుంది. పులుపు, తీపి, తడిమట్టి, కాస్త పొగ. మొన్న బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం కాలువగట్టు ఎక్కగానే కారు అద్దంలోంచి అదే వాసన కొట్టింది. పక్కన మా మేనబావ. ఈమధ్యే నాసిక్ వెళ్ళి ద్రాక్షతోటలూ, వాటి పక్కనే వైన్ తీసే చోట్లూ చూసొచ్చాడు. "మనవైపు అలాంటి ఊరొకటి లేదేంట్రా? తోట చూసి, రుచి చూసి, రాత్రికి ఉండి వచ్చేలాగ?" అన్నాడు.

లేకేం. ఇక్కడ దేనికీ బోర్డుండదు, వేళలు రాసిపెట్టి ఉండవు, అంతే తేడా. ప్రతిదానికీ ఒక పూటుంది, ఒక నెలుంది. అది తెలియక మిట్టమధ్యాహ్నం రావులపాలెంలో దిగి, హైవే పక్క కొట్లో పూతరేకుల డబ్బా కొనుక్కుని, కొబ్బరిచెట్ల ముందు నాలుగు ఫొటోలు దిగి, "కోనసీమంటే ఇంతేనా" అనుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ. మా చిన్నతనంలో ఈ ఊళ్ళలో పెద్దవాళ్ళు గడియారం చూసి బతకలేదుగానీ, ఏది ఎప్పుడు తినాలో, ఎప్పుడు తాగాలో మాత్రం పొల్లుపోకుండా పాటించేవారు. అవన్నీ గుర్తొచ్చినంతవరకూ రాస్తున్నాను. రాదలచుకున్నవాళ్ళకు పనికొస్తుంది.

గట్టు దారి

రాజమండ్రిలో రైలు దిగితే హైవే పట్టుకుని జొన్నాడ మీదుగా రావులపాలెం రావచ్చు. తొందరగా వచ్చేస్తారు, ఏమీ కనపడదు. ధవళేశ్వరం మీదుగా ఆనకట్ట దాటి రండి. కాటన్ దొర కట్టిన పాత ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది దాని స్థానంలో కట్టిన బ్యారేజీ, 1982 నాటిది. మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. మధ్యలో లంకలున్నాయి కాబట్టి నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. నది ఎలా చీలింది, కాలువలు ఎటు పోతున్నాయి అన్నది ముందు అక్కడ చూసుకుని బయల్దేరితే తర్వాత దారిలో ఏది ఏ పాయో తికమక ఉండదు.

బొబ్బర్లంక నుంచి పెద్దకాలువ గట్టు వెంబడే రోడ్డు. లొల్ల లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. సినిమావాళ్ళు షూటింగులు తీసీ తీసీ ఆ చోటుని పాటల సెట్టు చేసేశారుగానీ, అది అసలు పడవల కోసం కట్టిన మెట్టు. కాలువలో ఎగువ నీరు ఎత్తులో, దిగువ నీరు పల్లంలో ఉంటే పడవ ఎలా దిగాలి? అందుకని ముందొక జత తలుపులు, వెనకొక జత. పడవ లోపలికి రాగానే లస్కరు, అంటే లాకులు చూసుకునే మనిషి, వెనక తలుపులు మూసేవాడు. తర్వాత ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న తూము మెల్లగా ఎత్తేవాడు. లోపలి నీరు దిగువకు జారుతుంటే పడవ కూడా గోడల మధ్య కిందికి దిగేది. రెండువైపులా మట్టం సమానమయ్యేదాకా ముందు తలుపులు ఎంతమంది తోసినా కదలవు, నీటి బరువు అలా నొక్కిపెడుతుంది. మట్టం కలిసిందంటే ఇద్దరు మనుషులు చాలు. తెరుచుకునేటప్పుడు ఒక మూలుగు వచ్చేది. మేం గోడ మీద బోర్లా పడుకుని దానికోసమే చూసేవాళ్ళం.

రాదారి పడవలు మా వయసువాళ్ళకు బాగా చివరి రోజుల్లో తెలుసు. గట్టు మీద ఇద్దరు వంగి తాడు లాగుతూ నడిచేవారు, పడవలో ఒకడు గడతో గట్టుకి తగలకుండా తోసేవాడు. ధాన్యం, కొబ్బరికాయలు, ఇటుకలు అన్నీ అలాగే వెళ్ళేవి. బస్సులూ లారీలూ వచ్చాక లాకుల తలుపులు పడవ కోసం తెరవాల్సిన పనే లేకుండా పోయింది.

లొట్టి దిగే వేళ

కల్లు కోసం రావాలంటే మాఘం దాటాక రండి. తాటికల్లు ఎండలు ముదిరేదాకా ఉంటుంది. చలికాలంలో వచ్చేది ఈతకల్లు, అది వేరే రుచి, కాస్త పలచన.

గీతగాడు చెట్టెక్కడం కనీసం ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి ఒక మోకు. కాళ్ళకు చిన్న తాడు బందం. నడుముకు ఒరలో కత్తులు. మోకు మీద వెనక్కి వాలి, కాళ్ళు పైకి జరిపి, మోకు ఎగరేసి మళ్ళీ వాలడం. చీకటితోనే ఆ మోకు చెట్టుకి రాసుకునే సర్రుసర్రుమనే చప్పుడు మా పెరట్లోకి వినిపించేది. రెండు చెట్ల అవతల ఎవరెక్కుతున్నారో ఆ చప్పుడు లయని బట్టి మా నాయనమ్మ చెప్పేసేది.

చెట్టు ఊరికే కల్లివ్వదు. పోతుతాడు, అంటే మగ తాటిచెట్టు, అయితే గెలని కర్ర పటకారుతో రోజూ కొంచెం కొంచెం నొక్కి మెత్తబరచాలి. ఎక్కువ నొక్కితే గెల కుళ్ళిపోతుంది, తక్కువైతే ఊట రాదు. మెత్తబడ్డాక కొసని పలచగా చెక్కి, కింద లొట్టి కడతారు. పొద్దునా సాయంత్రం ఎక్కి ఆ కొసని మళ్ళీ సన్నటి పొర లేపాలి. ఒక్కరోజు మానేస్తే కోసిన చోటు ఎండి మూసుకుపోతుంది, ఇక ఆ గెల వట్టిదే. పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినా గీతగాడు తన చెట్లు ఇంకొకరికి అప్పగించి వెళ్ళేది అందుకే.

చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే, నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. లొట్టి లోపల గోడకి అంటుకుని మిగిలిన పాత కల్లే తోడు. అందుకే లొట్టిని తొలుస్తారుగానీ తోమరు. రాత్రి కారింది తెల్లవారేసరికి సన్నగా నురగ కడుతుంది. ఆరు, ఏడు గంటల మధ్య దించిన కల్లు నాలుక మీద చిటపటలాడుతుంది, తీపి ఇంకా చావదు. తాగాల్సిందప్పుడు. తొమ్మిది దాటితే ఘాటు ఎక్కుతుంది. మధ్యాహ్నానికి చక్కెరంతా మత్తుగా మారిపోయి ఉంటుంది, సాయంత్రానికి పులిసి ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళతో మా ఊరి గీతగాడు, "ఇప్పుడొచ్చారేంటండి బాబూ, ఇది తాగితే ఈ గట్టు మీదే పడుకుంటారు, ఆయ్" అనేవాడు. డబ్బులు తీసుకోకుండా తిప్పి పంపేవాడు కూడా.

మత్తు వద్దనుకునేవాళ్ళు నీరా అడగండి. లొట్టి లోపల సున్నం పూసి కడితే పులవడం ఆగుతుంది. అదీ తెల్లవారకముందు దించిందే. ఎండ తగిలితే సున్నం కూడా ఎంతోసేపు కాయలేదు. సున్నం మరీ ఎక్కువ పూస్తే నాలుక మీద సున్నపు రుచే మిగులుతుంది.

కొన్ని జాగ్రత్తలు. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు పక్కన ఎవరైనా తియ్యటి కల్లు పోస్తున్నారంటే ఆ తీపి చెట్టుది కాదు, నీళ్ళూ చక్కెరో శాకరినో కలిపిందే. కొనకండి. కల్లులో తేనెటీగలు, చీమలు పడటం మామూలే, వడకట్టి పోయమంటే పోస్తారు, మొహం చిట్లించకండి. సీసాలో పోయించుకుని మూత బిగించి కారులో పెట్టకండి, పులుస్తూ గాలి పుడుతుంది, దారిలో సీసా పేలి సీట్లన్నీ కంపు కొడతాయి. నెల తిరిగినా వదలదు. బండి నడిపేవాడు అస్సలు తాగకూడదు. గట్టు రోడ్డు సన్నం, ఒక పక్క కాలువ, రెండో పక్క చేను.

దొప్పలో తాగే అలవాటు పోతోంది. లేత తాటాకుని మడిచి, కొసలు ముడేసి దొప్ప చేసేవారు. స్టీలు గ్లాసులో పోసిన కల్లుకి ఆ ఆకు వగరు రాదు. అడిగితే ఇప్పటికీ చేసిస్తారు, కాకపోతే రెండు చేతులతో పట్టుకోవడం రాక సగం చొక్కా మీద పోసుకుంటారు.

రేకు తీసే పొయ్యి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి కొట్లు ఇంకా పెరిగాయి. కొట్లో మీరు చూసేది చుట్టడం మాత్రమే. రేకు తీయడం ఇళ్ళ వెనక, పందిళ్ళ కింద జరుగుతుంది, అదీ పొద్దుటిపూటే, పొయ్యి ముందు ఎండ కూడా తోడైతే కూర్చోలేరు కాబట్టి. కొన్న దగ్గరే మర్యాదగా అడగండి, "ఒకసారి రేకు తీయడం చూడొచ్చాండీ" అని. దాదాపు ఎవరూ కాదనరు. ఫోను మొహం మీద పెట్టేముందు మాత్రం వాళ్ళని అడగాలి.

కుండ ప్రత్యేకంగా చేయిస్తారు. అడుగు గుండ్రంగా, నున్నగా ఉండాలి, చిన్న గీత ఉన్నా రేకు అక్కడే చిరుగుతుంది. దాన్ని పొయ్యి మీద బోర్లా పెట్టి, పక్కనున్న సందులోంచి లోపలికి ఎండు కొబ్బరాకులు ఒక్కొక్కటే తోస్తారు. కట్టెలు పెట్టరు. కట్టె మంట ఒకచోటే నిలబడి కుండని అక్కడే కాలుస్తుంది, ఆకు మంట అంతటా పరుచుకుని వెంటనే చల్లారుతుంది, కావాలంటే ఇంకొకటి తోయొచ్చు. కొత్త కుండ నేరుగా పనికిరాదు. నూనె రాసి కాల్చి, మళ్ళీ రాసి, చాలాసార్లు అలా చేస్తేగాని రేకు వదలదు.

పిండికి జయ రకం బియ్యం మంచివంటారు. నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి పాలంత పలచన చేస్తారు. నీరుకావి పంచె ముక్కలాంటి పలచటి నూలుగుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ మీద పరిచినట్టే పరిచి లాగేస్తారు. కన్ను మూసి తెరిచేంతలో పొర కట్టి, అంచు దానంతటదే లేస్తుంది. గోటితో పట్టి తీసి పక్కన పెట్టేస్తారు. అవతలి వెలుగు కనపడేంత పలచన. పిండి చిక్కబడితే రేకు అప్పడమవుతుంది. వేడి ఎక్కువైతే చిల్లులు. గుడ్డ లాగడంలో చెయ్యి తడబడితే మడత పడుతుంది, ఆ రేకు పక్కన పిల్లలకి. ఆ పిల్లల్లో మేమూ ఉండేవాళ్ళం, ఏమీ పూయని ఉత్త రేకు నోట్లో పెట్టుకుంటే కరిగి బియ్యం వాసన ఒక్కటే మిగిలేది.

చుట్టేటప్పుడు రేకు పెళుసుగా ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో ఒకసారి అద్దుతారు. తడి ఎక్కువైతే ముద్ద. తర్వాత నెయ్యి, పంచదార పొడో బెల్లం తురుమో, యాలకులు, ఇంకో రేకు, మడత. బెల్లానివి తొందరగా మెత్తబడతాయి, పంచదారవి నిలవుంటాయి. ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు పంచదారవి, అక్కడే తినేవాళ్ళు బెల్లానివి తీసుకోండి. చాక్లెట్టువీ, ఇంకేవేవో పూసినవీ వస్తున్నాయి, వాటి గురించి నేనేం మాట్లాడను. కొనేముందు ఒకటి విరిచి వాసన చూడండి. నెయ్యి వాసన రావాలి. డబ్బాని కారు వెనక ఎండలో పెడితే నెయ్యి కరిగి అడుక్కి దిగిపోతుంది, పైవన్నీ పొడి, కిందివన్నీ జిడ్డు. ఫ్రిజ్‌లో పెట్టినా చెమ్మ పట్టి సాగుతాయి. గాలి చొరని డబ్బాలో, నీడన ఉంచితే చాలు.

కాలువలు కట్టేసిన నెలలు

దాళ్వా, అంటే రెండో వరిపంట, కోతకొచ్చాక, ఏప్రిల్ చివర్లో, కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అడుగున బురద, గుంటల్లో చేపలు, పూడిక తీసే మనుషులు. అప్పుడొచ్చినవాళ్ళు నిండుకాలువ ఫొటోల కోసం చూసి నిరాశపడతారు. కానీ ముంజలూ తాండ్రా ఆ నెలల్లోనే.

ముంజకాయ పొద్దుటే కొట్టించుకోవాలి. కాయ తల నరికితే మూడు కళ్ళు కనపడతాయి. బొటనవేలితో మెత్తగా నొక్కితే లోపల నీళ్ళు కదిలినట్టుంటే లేత. గట్టిగా తగిలితే వదిలేయండి, ముదురు ముంజ కడుపులో బరువు. పైపొర వగరు, కొందరు తీసేస్తారు, ఎండాకాలం చెమటకాయలకి ఆ పొరనే ఒంటికి రుద్దేవారు మా ఇంట్లో.

మామిడితాండ్ర కూడా ఈ చుట్టుపక్కలదే. పళ్ళ రసం పిండి, తీపి కలిపి, పందిళ్ళ మీద పరిచిన చాపల మీద పలచగా పోస్తారు. అది పూర్తిగా ఎండాకే పైన ఇంకో పొర. తడి ఆరకముందే పోస్తే మధ్యలో బూజు పడుతుంది, పైకి కనపడదు, నెల తర్వాత బయటపడుతుంది. మబ్బు పట్టగానే తాండ్ర పందిళ్ళ దగ్గర జరిగే పరుగులు ఇంకెక్కడా చూడం. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి, పొరలు గీతలుగా తెలియాలి. ముదురు గోధుమ రంగుంటే నయం, నారింజ రంగులో మెరుస్తుంటే రంగు కలిసినట్టే.

ఎర్రనీరు

ఆషాఢం వెళ్ళేసరికి గోదారి ఎర్రబడుతుంది. చేప ఒకటే, సముద్రంలో ఉన్నంతకాలం విలస, ఎర్రనీటికి ఎదురీది వచ్చాక పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతని ఇప్పుడు పులసల వ్యాపారులు నిజం చేసేశారు, ధర వేలల్లో పలుకుతుంది. సముద్రపు విలసనీ, వేరే రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చినదాన్నీ పులసగా అంటగట్టేవాళ్ళున్నారు. రేవు దగ్గర వల దించేవేళకు వెళ్ళి, తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుని కొనండి. హోటల్లో ఏడాది పొడుగునా "పులస పులుసు" బోర్డు కనపడితే ఆ ఏడాది పొడుగునా అన్నమాటే జవాబు చెబుతోంది.

వండటానికి మట్టిదాక కావాలి, సన్నటి మంట కావాలి, ఓపిక కావాలి. చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి, చివర్లో కాస్త ఆవకాయ ఊట. గరిటె పెట్టకూడదు, ముక్క విరిగి ముళ్ళు పులుసంతా కలుస్తాయి. దాకనే పట్టి తిప్పాలి. పొద్దుట వండింది ఆ రాత్రికి కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు మా ఇంట్లో. మర్నాటికి పులుపు ముక్కలోకి దిగి, సన్నముళ్ళు మెత్తబడతాయి. అందుకే పులస కోసం వచ్చేవాళ్ళు రెండురోజులు పెట్టుకుని రావాలి.

వరద హెచ్చరిక ఉన్నప్పుడు లంకల్లోకి పడవెక్కకండి. ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

తంపట

భాద్రపదంలో రాలిన తాటిపండ్ల టెంకలన్నీ ఏరి, ఇసుకమట్టిలో పాతర వేస్తారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తవ్వితే తేగలు. ఉడకబెట్టినవి రోడ్డు మీద కట్టలు కట్టి అమ్ముతారు, అవి తినాలి కాబట్టి తినొచ్చు. తంపట వేసినవి దొరికితే వదలకండి. తేగల్ని కుండలో నిలువుగా కూరి, మూతికి గడ్డి కుక్కి, బోర్లించి చుట్టూ చెత్త మంట వేస్తారు. నీళ్ళు తగలవు కాబట్టి తీపి బయటికి పోదు. మంట ఎక్కువసేపుంటే గోడవైపువి మాడతాయి, ఆ మాడినవైపు కోసమే కొట్టుకునేవాళ్ళం. రెండుగా చీల్చి, మధ్యలో ఉండే చందమామ తీసి, కొసనుంచి నమలాలి, పీచు ఉమ్మేయాలి. తవ్విన టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు. అది అమ్మకానికి తక్కువ, తవ్వేచోటికే వెళ్ళాలి.

కనుమ నాడు ఉండగలిగితే మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం. ప్రభలంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తయిన అలంకార చట్రాలు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటే ఘట్టం మధ్యాహ్నం. గట్టు మీద చోటు కావాలంటే ముందే చేరాలి, బండి దూరంగా పెట్టి నడవాలి, కొత్త చెప్పులు వేసుకోకూడదు.

ఉండటానికి

ఆత్రేయపురంలో పెద్దగా బసలు లేవు. రావులపాలెంలో లాడ్జీలున్నాయి, రాజమండ్రిలో ఎక్కువ. ఏటి ఒడ్డున ఉండాలనిపిస్తే దిండిలో పర్యాటక శాఖ రిసార్టు, కానీ అక్కడి నుంచి ఆత్రేయపురం కల్లు వేళకి చేరాలంటే చీకటితో లేవాలి. పండగ రోజుల్లో ఎక్కడా గది దొరకదు, ఊళ్ళో చుట్టాలుంటే వాళ్ళే దిక్కు.

దగ్గర్లో ర్యాలి ఉంది. ఒకే రాతిలో ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. పూజారి హారతి వెలుగులో చూపిస్తూ చెబుతారు, వెనక జడ ముడి దాకా చూడకుండా తొందరపడి వచ్చేయకండి.

శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళంతా వాడపల్లి వెంకన్న దగ్గరికి ఇటే వస్తారు. గట్టు రోడ్డు ఉదయానికే బిగుసుకుపోతుంది. లొల్ల దగ్గర బండి తిప్పుకోవడానికి కూడా చోటుండదు. మంగళవారమో బుధవారమో రండి.